సకినాన్ని నిషేధించకండి, కొలత చెప్పండి

సంపాదకుల వారికి,

నమస్కారం.

ఇటీవల ఒక ఆదివారం మీ అనుబంధంలో బరువు తగ్గాలనుకునేవారి కోసం ప్రచురించిన ఆరోగ్య వ్యాసాన్ని నేను రెండుసార్లు చదివాను. మొదటిసారి నా కోసం చదివాను. రెండోసారి మా పాఠశాలలో తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకరు ఆ పేజీని కత్తిరించి తన గణితం నోటుపుస్తకంలో దాచుకున్నట్టు చూసి చదివాను. ఆ వ్యాసంలో తినదగినవని ఒక జాబితా, తినకూడనివని మరొక జాబితా ఉన్నాయి. మొదటి దానికి 'క్లీన్ ఈటింగ్' అని పేరు పెట్టి ఓట్స్, కినోవా, చియా గింజలు, ఆలివ్ నూనె వంటివి రాశారు. రెండో దానిలో చిప్స్, కూల్‌డ్రింకులు, బర్గర్ల పక్కనే సకినాలు, అరిసెలు, బియ్యప్పిండి గారెలు, బక్షాలు చేర్చి, బరువు తగ్గేదాకా వీటిలో దేన్నీ ముట్టకూడదన్నారు. నల్లగొండ జిల్లాలో ఇరవై రెండేళ్లుగా గణితం బోధిస్తున్న ఉపాధ్యాయురాలిగా, బరువు తగ్గే ప్రయత్నంలో ఒకసారి ఓడిపోయి మరోసారి నిలదొక్కుకున్న మనిషిగా ఆ రెండో జాబితాతో నేను ఏకీభవించలేను. ఎందుకో వివరంగా రాయడానికి అనుమతించగలరు.

ముందు నా అనుభవం చెబుతాను. మూడేళ్ల క్రితం మోకాళ్ల నొప్పితో వైద్యుడి దగ్గరకు వెళ్లినప్పుడు నా ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలు, బరువు 78 కిలోలు. మందులు తరువాత, ముందు పది కిలోలు తగ్గమని ఆయన చెప్పారు. బరువు తగ్గిస్తామని ప్రకటించుకున్న ఒక కేంద్రంలో రుసుము కట్టి చేరాను. వారు ఇచ్చిన చార్టులో అన్నం లేదు, చక్కెర లేదు, బెల్లం లేదు, నూనెలో వేగిన వస్తువు ఏదీ లేదు. ఒక్కరోజు తప్పినా మొదటి నుంచి లెక్క మళ్లీ ప్రారంభించాలన్నది వారి నియమం. మూడు నెలల్లో ఏడు కిలోలు తగ్గాను. ఆ తగ్గుదల నిజం, దాన్ని కాదనను.

అంతలో సంక్రాంతి వచ్చింది. దేవరకొండ వైపు ఉన్న పుట్టింటికి వెళ్లాను. మా అమ్మకు డెబ్బై ఏళ్లు దాటాయి. కొత్త బియ్యం నానబోసి, పిండి పట్టించి, నువ్వులు, వాము కలిపి, తెల్లని బట్ట మీద తన చేత్తోనే సకినాలు చుట్టింది. మొదటి వాయి తీసి నా ముందు పెట్టి, "ఒక్కటన్న కొరికి చూడు బిడ్డా, ఉప్పు సరిపోయిందో లేదో చెప్పు" అన్నది. నేను తిననన్నాను. ఆమె రెండు రోజులు అడిగి, మూడో రోజు అడగడం మానుకుంది. ఆ మూడో రోజు రాత్రి అందరూ పడుకున్నాక వంటింట్లో నిలబడి నేను ఎన్ని సకినాలు తిన్నానో లెక్క పెట్టలేదు. తెల్లవారాక నాకు కలిగిన ఆలోచన ఒక్కటే: ఎలాగూ చెడిపోయింది కాబట్టి ఇంక పాటించి లాభం లేదు. అయిదు నెలలు తిరిగేసరికి పోయిన ఏడు కిలోలతో పాటు మరో రెండు కిలోలు వచ్చి చేరి, 80 కిలోలకు చేరుకున్నాను.

ఇది నా మనోబలం లోపమని చాలాకాలం నమ్మాను. ఇప్పుడు నమ్మడం లేదు. అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో 1944-45లో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు ఆరు నెలల పాటు అరకడుపు తిండి పెట్టి వారి శరీరాన్నీ మనసునూ పరిశీలించారు. వారు సుమారు నాలుగో వంతు బరువు కోల్పోయారు. అంతకన్నా ముఖ్యంగా, వారి ఆలోచన అంతా తిండి చుట్టూనే తిరగసాగింది. వంటల పుస్తకాలు ముందేసుకుని చదివేవారట. ఆంక్షలు తొలగిన తరువాత కొందరికి ఎంత తిన్నా తృప్తి కలగలేదు. మా కేంద్రం చార్టును ఆ ప్రయోగంతో పూర్తిగా పోల్చలేం కానీ, దృఢమైన యువకుల మనసే అలా మారినప్పుడు ఇంటిల్లిపాదికీ వండిపెట్టే గృహిణి రోజంతా తిండి వాసనల మధ్య నిలబడి పూర్తి నిషేధాన్ని నెలల తరబడి మోయగలదని ఆశించడం న్యాయం కాదు.

రెండోసారి నేను చార్టు కొనలేదు. ఒక చిన్న వంటింటి తూకం యంత్రం కొన్నాను. ఇంట్లో రోజూ ఏది ఎంత ఖర్చవుతున్నదో ఒక నెల రోజులు రాసిపెట్టాను. ఆ లెక్కను పాఠకుల ముందు ఉంచడమే ఈ లేఖ ముఖ్య ఉద్దేశం.

మొదట చాయ్. నేను రోజుకు నాలుగు కప్పులు తాగేదాన్ని, కప్పుకు రెండు చెంచాల చక్కెర. చెంచాకు అయిదు గ్రాముల చొప్పున రోజుకు 40 గ్రాములు, గ్రాముకు నాలుగు కేలరీల చొప్పున 160 కేలరీలు. రోజుకు 2000 కేలరీలు తినేవారు పైనుంచి చేర్చుకునే చక్కెరను 50 గ్రాముల లోపు ఉంచుకోవాలనీ, 25 గ్రాములకు తగ్గిస్తే ఇంకా మేలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే చెప్పింది. నేను ఒక్క మిఠాయి కూడా ముట్టకుండానే, కేవలం చాయ్‌తోనే ఆ రెండో హద్దు దాటిపోయాను.

తరువాత నూనె. మేము నలుగురం. నెలకు ఆరు లీటరు ప్యాకెట్లు వాడేవాళ్లం. లీటరు నూనె సుమారు 910 గ్రాములు తూగుతుంది కాబట్టి మనిషికి రోజుకు 45 గ్రాములు పడుతున్నట్టు తేలింది. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మే నెలలో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలలో రోజుకు 2000 కేలరీల పళ్లేనికి కొవ్వులు, నూనెలు కలిపి 27 గ్రాములు చూపించింది. అంటే రోజుకు 18 గ్రాములు అదనం. గ్రాముకు తొమ్మిది కేలరీల చొప్పున అది మరో 160 కేలరీలు. చాయ్, నూనె కలిపితే రోజుకు 320.

ఇప్పుడు సకినం సంగతి చూద్దాం. అమ్మ చేసిన సకినం ఒక్కొక్కటి సుమారు 20 గ్రాములు తూగింది. వేగిన బియ్యప్పిండి కాబట్టి ఒక్కోదానికి దాదాపు వంద కేలరీలు వేసుకోవచ్చు. పండుగ నాలుగు రోజులూ రోజుకు నాలుగు చొప్పున తిన్నా పదహారు సకినాలు, 1600 కేలరీలు. మా ఇంట్లో చాయ్‌లోని చక్కెర, కూరల్లోని అదనపు నూనె అయిదు రోజుల్లో ఇచ్చే కేలరీలు అవి. ఏడాదికి ఒకసారి వచ్చే సంక్రాంతిని దోషిగా నిలబెట్టి, ఏడాదికి డెబ్బై మూడు సార్లు తిరిగి వచ్చే ఆ అయిదు రోజులను మీ వ్యాసం అసలు ప్రస్తావించలేదు.

ఈ లెక్క చూశాక నేను చేసినవి పెద్ద పనులేమీ కావు. చాయ్ రెండు కప్పులకు తగ్గించి, కప్పుకు అర చెంచా చక్కెర వేసుకుంటున్నాను. మొదటి పదిహేను రోజులు చప్పగా ఉన్నది, తరువాత అలవాటైంది. నూనెను సీసాలోంచి నేరుగా గంటెలోకి వంపకుండా, నెలకు సరిపడా కొలిచి వేరే డబ్బాలో పోసి, అది నెలాఖరు దాకా రావాలని ఇంట్లో అందరికీ చెప్పాను. పూట అన్నంలో ఒక గుప్పెడు తగ్గించి, ఆ ఖాళీలో పప్పు, కూర పెంచాను. సాయంత్రం ముప్పావు గంట నడుస్తున్నాను. ఉగాదికి రెండు బక్షాలు నేతితో తిన్నాను. పెళ్లికి వెళ్తే డబుల్ కా మీఠా ఒక చిన్న గిన్నెడు తీసుకుని, కూర్చుని, మెల్లగా తింటాను. ఆ రోజు రెండో మిఠాయి వైపు వెళ్లను. పధ్నాలుగు నెలల్లో పదకొండు కిలోలు తగ్గి 69కి వచ్చాను. కేంద్రంలో చేరినప్పటి వేగం ఇందులో లేదు. కానీ మొన్నటి సంక్రాంతికి అమ్మ సకినం ఇచ్చినప్పుడు కొరికి చూసి, ఉప్పు కొంచెం తక్కువైందని చెప్పగలిగాను.

మీ వ్యాసంలో 'క్లీన్' అన్న మాట నన్ను అన్నిటికంటే ఎక్కువగా బాధపెట్టింది. ఇంగ్లిషులో ఆ మాట ఏ ఉద్దేశంతో పుట్టినా, మన నేల మీద తిండిని శుద్ధమైనది, కానిది అని విడగొట్టినప్పుడు దాని వెంట చాలా చరిత్ర నడిచి వస్తుంది. ఎవరి వంట ఎవరు ముట్టాలి, ఎవరి గిన్నెలో ఎవరు తినకూడదు అన్న వివక్షను మన ఊళ్లు తరతరాలుగా చూశాయి, ఇప్పటికీ పూర్తిగా వదిలించుకోలేదు. ఇంటింటి తిండి మీద మళ్లీ శుద్ధి ముద్ర వేసే భాష మనకు అక్కర లేదు. పైగా ఆ మాట తిన్నవారిలో తప్పు చేశామన్న భావన కలిగిస్తుంది. 250 కేలరీల బక్షం 250 కేలరీల బక్షమే. అది తిన్న మనిషి అపవిత్రం కాదు, మరుసటి పూట మామూలుగా భోజనం చేయడానికి ఆమెకు ఏ అడ్డూ లేదు. నేను కోల్పోయిన అయిదు నెలలూ ఈ చిన్న విషయం తెలియకనే పోయాయి.

ఆ మాట వల్ల రెండో నష్టం కూడా ఉంది. శుద్ధమని పేరు పడ్డదాన్ని ఎంతైనా తినవచ్చన్న భ్రమ కలుగుతుంది. ఆలివ్ నూనె అయినా మన పల్లీల నూనె అయినా గ్రాముకు తొమ్మిది కేలరీలే ఇస్తాయి. చక్కెర బదులు బెల్లమో తేనెనో వేస్తే శక్తిలో పెద్ద తేడా రాదు. మా సహోద్యోగి ఒకరు ఖర్జూరం, బాదం, జీడిపప్పు, తేనె కలిపి లడ్డూలు చేసి, చక్కెర వేయలేదు కదా అని రోజుకు నాలుగు తిని, బరువు ఎందుకు తగ్గడం లేదని ఆశ్చర్యపోయారు. మా అత్తగారిది అచ్చంపేట ప్రాంతం. ఆమె జీవితమంతా జొన్నరొట్టె, పుంటికూర, పెసరపప్పు తిన్న మనిషి. పాలమూరు జొన్నరొట్టె మీద నాకు చాలా గౌరవం ఉంది. అయినా నిజం చెప్పాలంటే వంద గ్రాముల బియ్యంలో సుమారు 350 కేలరీలు, వంద గ్రాముల జొన్నల్లో సుమారు 330 ఉంటాయి. జొన్నలో పీచు ఎక్కువ, నమిలి తినాలి, రెండు రొట్టెలకే కడుపు నిండుతుంది. మేలు అక్కడ ఉంది. అందుకోసం కినోవా కొనవలసిన పని లేదు. మాంసకృత్తుల కోసం వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు పండే పల్లీలు గుప్పెడు తింటే చాలు, ఖరీదైన గింజలు దొరకలేదని ఎవరూ చింతించనక్కర లేదు.

మితంగా తింటే ఏదైనా పర్వాలేదనే వాదాన్ని కూడా నేను గుడ్డిగా సమర్థించడం లేదు. 2010లో అమెరికాలోని కాన్సాస్ రాష్ట్ర విశ్వవిద్యాలయంలో పోషకాహారం బోధించే మార్క్ హాబ్ అనే ఆచార్యుడు పది వారాల పాటు ఎక్కువగా ప్యాకెట్ కేకులు, బిస్కెట్ల వంటివే తింటూ, మొత్తాన్ని రోజుకు సుమారు 1800 కేలరీలకు పరిమితం చేసి, 27 పౌండ్లు, అంటే దాదాపు 12 కిలోలు తగ్గి చూపించారు. బరువు తగ్గడానికి మొత్తం కేలరీలే ముఖ్యమని ఆ ఒక్కరి ప్రయోగం సూచించింది. కానీ ప్రతి పూటా లెక్క రాసుకునే ఆచార్యుడు చేయగలిగింది ప్యాకెట్ ముందు కూర్చున్న మామూలు మనిషి చేయలేడు. 2019లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలలో కెవిన్ హాల్ బృందం ఇరవై మందికి రెండు వారాలు ఫ్యాక్టరీలో బాగా ప్రాసెస్ చేసిన ఆహారం, రెండు వారాలు సహజమైన ఆహారం పెట్టి, రెండింటిలోనూ ఇష్టమైనంత తినమన్నది. మొదటి రకం తిన్నప్పుడు వారు రోజుకు సుమారు 500 కేలరీలు ఎక్కువ తిన్నారు, దాదాపు ఒక కిలో బరువు పెరిగారు. కాబట్టి చిప్స్ ప్యాకెట్‌నూ సకినాన్నీ ఒకే జాబితాలో పెట్టడం ఈ వైపు నుంచి చూసినా పొరపాటే. సకినం చుట్టడానికి ఒక పూట పడుతుంది, నమలడానికి సమయం పడుతుంది, నాలుగు తినేసరికి నోరు అలసిపోతుంది. చిప్స్ ప్యాకెట్ ఖాళీ అయ్యేదాకా చెయ్యి ఆగదు.

ఇక్కడ ఒక విషయం ఒప్పుకోవాలి. మా చిన్నతనంలో కొలత అన్నది క్యాలెండర్‌లోనే ఉండేది. సకినాలు సంక్రాంతికి, బక్షాలు ఉగాదికి, మలీద ముద్దలు, సత్తుపిండి బతుకమ్మకు, బాలానగర్ సీతాఫలాలు చలి మొదలయ్యే ముందు కొద్ది వారాలు. మిగిలిన రోజుల్లో అడిగినా దొరికేవి కావు. తినే ఆడవాళ్లు నాట్లు వేసి, కలుపు తీసి, బావి నుంచి నీళ్లు మోసినవాళ్లు. ఇప్పుడు మా వీధి చివర పిండివంటల దుకాణంలో సకినాలు, గరిజలు, అరిసెలు పన్నెండు నెలలూ కిలోల లెక్కన దొరుకుతున్నాయి. మా పని కుర్చీలో కూర్చుని జరుగుతున్నది. పండుగ వంట ప్రతి సాయంత్రం చాయ్ పక్కకు చేరితే నేను పైన వేసిన లెక్క తలకిందులవుతుంది. రోజుకు నాలుగు సకినాలంటే నెలకు పన్నెండు వేల కేలరీలు. అందుకే మితం అన్న మాటను నేను సంఖ్యతో కలిపి మాత్రమే వాడతాను: ఏ వస్తువు, ఎన్ని, ఎన్నాళ్లకు ఒకసారి. ఈ మూడూ లేని మితం మనల్ని మనం ఒప్పించుకోవడానికే పనికొస్తుంది.

అందరికీ ఒకే కొలత సరిపోదన్నదీ నిజమే. భారత వైద్య పరిశోధన మండలి సర్వే ప్రకారం 2021 నాటికే దేశంలో సుమారు 10 కోట్ల మందికి మధుమేహం ఉన్నది, మరో 13 కోట్ల మందికి పైగా దాని అంచున ఉన్నారు. వారు తీపి విషయంలో తమ వైద్యుడి మాటే వినాలి, నా లేఖను కాదు. మా ఆయనకు ఒకటి తిని ఆగడం చేతకాదు. ఆయన స్వయంగా అడిగిన మీదటే మిక్చర్ డబ్బా ఇంట్లో పెట్టడం మానేశాం. అది ఆయనకు సరిపోయిన పద్ధతి.

చివరగా ఆ తొమ్మిదో తరగతి అమ్మాయి గురించి. ఆమె బొద్దుగా కూడా ఉండదు. రెండు వారాలుగా మధ్యాహ్న భోజనం మానేసి, ఇంటి నుంచి కీరదోస ముక్కలు మాత్రమే తెచ్చుకుంటున్నది. గుడ్డు పెట్టిన రోజు కూడా తన వంతు పక్క అమ్మాయికి ఇచ్చేస్తున్నది. ఒకరోజు ఉదయం ప్రార్థన సమయంలో కళ్లు తిరిగి కూలబడితే, నీళ్లు తాగించి అడిగాను. తాను క్లీన్‌గా తింటున్నానని చెప్పింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 19 ఏళ్ల ఆడపిల్లల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉన్నది. అటువంటి వయసులోకి అడుగుపెడుతున్న పిల్లల చేతికి నిషేధాల జాబితా అందినప్పుడు, అది ఎవరి కోసం రాసినదో, ఏ వయసు వారికి వర్తించదో అదే పేజీలో పెద్ద అక్షరాలతో చెప్పడం పత్రిక బాధ్యత. మీ వ్యాసంలో ఆ ఒక్క వాక్యం లేదు. బతుకమ్మ చివరి రోజు పానగల్లు చెరువు కట్ట మీద ఆడవాళ్లు ఒకరికొకరు సద్దులు పంచుకుంటుంటే, ఆ పిల్ల చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడవలసిన అవసరం ఏమీ లేదని ఆమెకు ఎవరో ఒకరు చెప్పాలి. నేను తరగతిలో చెప్పాను. మీ పత్రిక చెబితే ఇంట్లో వాళ్లు కూడా వింటారు.

కాబట్టి నా మనవి ఇది. రాబోయే పండుగలకు ముందు మన జిల్లాల పిండివంటల పట్టిక ఒకటి ప్రచురించండి. సకినం, గారె, అరిసె, బక్షం, గరిజ, మలీద ముద్ద ఒక్కొక్కటి ఎన్ని గ్రాములు తూగుతుందో, అందులో సుమారుగా ఎన్ని కేలరీలుంటాయో, వాటి పక్కనే రెండు చెంచాల చక్కెర వేసిన చాయ్‌కూ, గంటెడు నూనెకూ, పూట అన్నానికీ అంకెలు ఏమిటో ఇవ్వండి. పోషకాహార సంస్థ మన రాష్ట్రంలోనే ఉన్నది కాబట్టి అంకెలను అక్కడి శాస్త్రవేత్తలతో సరిచూపించడం మీకు కష్టం కాదు. తూకాల విషయంలో మీకు కొంత సాయం చేయగలను. మా తొమ్మిదో తరగతి పిల్లలు సగటు పాఠంలో భాగంగా తమ తమ ఇళ్లలో చేసిన పిండివంటలను తెచ్చి, తరగతిలో తూచి, రాసిపెట్టారు. ఆ కాగితాల నకలును ఈ లేఖకు జతచేస్తున్నాను. సకినాల వరుసలోని తూకాలు రాసింది కీరదోస తెచ్చుకునే ఆ అమ్మాయే.

ఇట్లు,
ఒక గణిత ఉపాధ్యాయురాలు,
నల్లగొండ.